తొమ్మిదిన్నర ఫోను

నా లాప్‌టాప్ బ్యాగు మీద ఒక మరక ఉంది. అరచేయంత ఉంటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "అన్నా, ఆ బ్యాగు మార్చెయ్యొచ్చుగా" అంటుంటారు. పండుమిరపకాయ పచ్చడి నూనె అది. ఎన్నిసార్లు ఉతికినా ఎరుపు కాస్తా నారింజ రంగులోకి దిగింది గానీ మరక మాత్రం పోలేదు. ఆ మరక పడిన రోజు నేను మా అమ్మ మీద ఫోన్లో పావుగంట అరిచా. పావుగంట! ఆ ఏడాది మొత్తంలో అమ్మతో నేను అంతసేపు మాట్లాడింది ఆ ఒక్కసారే.

పోయిన వారం అప్రైజల్ రేటింగుల గురించి సరదాగా రాశా కదా. రాసేటప్పుడు నవ్వుకున్నా. పంపించేశాక బ్యాగు సర్దుకుంటుంటే ఈ మరక కనిపించింది. ఇక నవ్వు రాలేదు. అందుకే ఈ వారం ఇది.

మాది గురజాల దగ్గర ఒక ఊరు. హైదరాబాద్‌లో బస్సెక్కితే నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, దాచేపల్లిలో దిగి ఆటో పట్టుకోవాలి. ఎండాకాలం టీవీ వార్తల్లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ అంటూ రెంటచింతల పేరు చెబుతారే, అది మాకు పక్కనే. ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు. పగలంతా కాలిన ఆ రాయి రాత్రి తొమ్మిది దాకా వెచ్చగానే ఉంటుంది. ఒకప్పుడు మా సీమలో జొన్నలు తప్ప ఇంకేం పండేవి కావు. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వచ్చి, జొన్నకూడు తినలేక విసుక్కుంటూ చాటువులు చెప్పాడంటారు. అంత మహాకవికే అన్నం దగ్గర చికాకు తప్పలేదంటే, నూనె మరక దగ్గర నేనెంత అనుకోవచ్చు. కాకపోతే ఆయన విసుక్కుంది ఊరి మీద. నేను విసుక్కుంది అమ్మ మీద.

1967లో నాగార్జున సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ మా వైపు వచ్చాక వరి, పత్తి, మిరప వచ్చాయి. మాకు సొంతానికి రెండెకరాలు. నాన్న ఇంకో మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. మిరప వేసినవాడికి తెలుస్తుంది, అది పంట కాదు, పందెం. విత్తనం దగ్గర్నుంచి కాయ కోత కూలీ దాకా, ఆ తర్వాత కల్లంలో ఆరబెట్టి టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి చేర్చేదాకా డబ్బు పోస్తూనే ఉండాలి. మాకు కౌలుతో కలిపి ఎకరానికి లక్షన్నర పైనే అయ్యేది. మంచి ఏడైతే ఎకరానికి ఇరవై క్వింటాళ్ళ దాకా వస్తాయి. నా ఇంజినీరింగ్ ఫీజులు, మా అక్క పెళ్ళి, ఇంటి పైకప్పు, అన్నీ ఆ టిక్కీల్లోంచి వచ్చినవే.

2021 సంగతి చెబుతున్నా. అప్పటికి నాకు ఉద్యోగమొచ్చి రెండేళ్ళు దాటింది. లాక్‌డౌన్‌లో ఊళ్ళోనే ఉండి పనిచేశా. నెట్ సరిగ్గా రావట్లేదని ఆ ఆగస్టులో హైదరాబాద్ వచ్చి, మియాపూర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాట్ తీసుకున్నా. నారు పోసే టైములో వచ్చేశానన్నమాట. నాన్న ఏమీ అనలేదు. "నెట్ లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అని దాచేపల్లి దాకా బండి మీద దింపాడు.

ఆ అక్టోబరు నుంచి జనవరి దాకా నాకు నిద్ర పట్టనివ్వని విషయాలేంటో గుర్తున్నంతవరకు చెబుతా. ఒకటి, నాతోపాటు చేరినవాడికి నాకంటే 4 శాతం ఎక్కువ హైక్ వచ్చింది. రెండు, కొత్త బండి ట్యాంకు మీద ఎవరో గీత పెట్టారు. సెల్లార్‌లో సీసీ కెమెరా ఫుటేజీ కోసం వాచ్‌మన్‌తో మూడు రోజులు గొడవపడ్డా. మూడు, రూమ్మేటు ఏసీ 18లో పెడతాడు, నాకు 24 కావాలి. నాలుగు, మా లీడు నా మెయిల్‌కి "నోటెడ్" అని ఒక్క ముక్క జవాబిచ్చాడు, థాంక్స్ కూడా లేదు. దాని అర్థమేంటని రాత్రి రెండింటిదాకా ఆలోచించా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఇవే నా ప్రపంచం. ఇవి చిన్న విషయాలని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళతోనూ గొడవపడేవాణ్ణి.

అదే నెలల్లో మా చేలో ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. మీలో రైతుల పిల్లలకి ఆ ఏడు గుర్తుండే ఉంటుంది. తామర పురుగు మిరపకి కొత్త కాదు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది, మందు కొడితే కొంత తగ్గుతుంది. ఆ ఏడొచ్చింది వేరే రకం. నల్లగా, కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాలది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దీన్ని మన దేశంలో మొదట గుర్తించారు. త్రిప్స్ పార్విస్పైనస్ అని పేరు. మా వాళ్ళు నల్లి అనేశారు. దీనికి పువ్వంటే ఇష్టం. ఒక్కో పువ్వులో గుంపుగా చేరుతుంది, పువ్వు రాలిపోతుంది. పువ్వే రాలితే ఇక కాయెక్కడిది? మందు కొడితే పువ్వు లోపల దాక్కున్నదానికి తగలదు. ఆంధ్రా, తెలంగాణ రెండుచోట్లా మిరప చేలు అట్లాగే పోయాయి. నీలం రంగు జిగురు అట్టలు పెట్టారు, రోజు మార్చి రోజు మందులు మార్చారు, చివరికి చాలామంది ట్రాక్టరు పెట్టి పచ్చటి చేను దున్నేశారు.

నాన్న కూడా డిసెంబరులో నాలుగెకరాలు దున్నించాడు. ఒక్క ఎకరం ఉంచాడు.

నాకు చెప్పలేదు. చెప్పలేదని ఇప్పుడు అంటున్నా గానీ, చెప్పడానికి నేను సందిస్తేగా?

అమ్మ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసేది. సరిగ్గా అప్పుడే నాకు అమెరికా వాళ్ళతో కాల్. ఎన్నోసార్లు చెప్పా. "అమ్మా, ఎనిమిదికి చెయ్యి, పదిన్నరకి చెయ్యి, తొమ్మిదిన్నరకి మాత్రం వద్దు." "సరే నాయనా" అనేది. మర్నాడు మళ్ళీ తొమ్మిదిన్నరే. ఎత్తితే "తిన్నావా, ఏం కూర" అని రెండు ముక్కలు మాట్లాడి, "ఇదుగో, నాన్నతో ఒక్క నిమిషం మాట్లాడు" అని ఆయనకిచ్చేది. ఆయనేమో ఫోన్ పట్టుకుని "ఆఁ... ఏంది... బాగున్నావా... పని ఎట్టా ఉంది..." అని ఒక్కో మాట కాలవలో బకెట్ వేసి తోడినట్టు తోడేవాడు. అవతల నా కాల్ మొదలైపోతుంటుంది. "బాగుంది నాన్నా, ఉంటా మరి" అని పెట్టేసేవాణ్ణి. చాలా రోజులు ఎత్తేవాణ్ణే కాదు. కట్ చేస్తే ఫోనే ఒక రెడీమేడ్ మెసేజ్ పంపిస్తుంది కదా, ఇప్పుడు మాట్లాడలేనని ఇంగ్లీషులో. అది పంపేవాణ్ణి. నాన్నకి ఇంగ్లీషు రాదు. పక్కింటి పిల్లాడి చేత చదివించుకునేవాడట. ఆ పిల్లాడు తర్వాత నాకు చెప్పాడు, "అన్నా, నువ్వు రోజూ ఒకటే మెసేజ్ పెట్టేవాడివి, అయినా రోజూ చదవమనేవాడు."

సంక్రాంతికి ఊరెళ్ళలేదు. రిలీజ్ ఉందన్నా. నిజానికి రిలీజ్ పదమూడున అయిపోయింది. ఫ్రెండ్స్ గోవా అన్నారు, వెళ్ళా. అక్కడా ఏసీ గొడవే.

ఫిబ్రవరి మొదటి వారంలో మా ఊరి వాళ్ళబ్బాయి హైదరాబాద్ వస్తుంటే అమ్మ అతనితో ఒక పార్శిల్ పంపింది. పండుమిరపకాయ పచ్చడి. దీన్ని ఎరుగనివాళ్ళకి ఒక మాట. ఎండుకారంతో చేసేది కాదిది. చెట్టు మీదే ఎర్రగా పండిన కాయ, ఇంకా తడి ఆరకముందే కోసి, కడిగి, తుడిచి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు వేసి రోట్లో తొక్కుతారు. నాలుగు రోజులు ఊరనిచ్చి తాలింపు పెట్టుకుంటారు. వేడన్నంలో నెయ్యి వేసుకుని కలిపితే కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, అయినా రెండో ముద్దకి చెయ్యి దానంతటదే పోతుంది. ఆ సీసాని నేను ఆఫీసుకి పోతూ మియాపూర్ మెట్రో దగ్గర తీసుకుని లాప్‌టాప్ బ్యాగులో పడేశా. సాయంత్రానికి మూత వదులై నూనె కారింది. చార్జరు, నోట్‌బుక్, బ్యాగు, లోపల పెట్టుకున్న తెల్ల చొక్కా, అన్నీ ఎర్రగా.

అప్పుడు చేశా అమ్మకి. నాకై నేను ఫోన్ చేయడం ఆ నెలలో అదే మొదటిసారి. "ఎవరడిగారమ్మా నిన్ను? ఇక్కడ దొరకవా పచ్చళ్ళు? ఆన్‌లైన్‌లో వెయ్యి రకాలున్నాయి. సీసా మూత బిగించడం కూడా రాదా? ఈ బ్యాగెంతో తెలుసా?" ఇట్లా పావుగంట. అమ్మ మధ్యలో ఒక్కసారి అంది, "కవరు కట్టే పెట్టా నాయనా, రెండు కవర్లు." ఇంకేం అనలేదు. చివర్లో మాత్రం, "నాన్న పక్కనే ఉన్నాడు, ఒక్క నిమిషం..." అంది. పెట్టేశా.

మిగిలిన పచ్చడి సీసాతో సహా డస్ట్‌బిన్‌లో వేశా.

ఆ మార్చిలో కరోనా కాస్త సద్దుమణిగింది. ఆఫీసులు తెరుస్తున్నారు. ఉగాదికి ఊరెళ్ళా. 2022 ఏప్రిల్ 2, శనివారం. ఎలా గుర్తుందంటే, సోమవారం నాలుగో తేదీన మా ఊరు గుంటూరు జిల్లాలోంచి కొత్త పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. పండగ రోజు అరుగుల మీద అందరికీ అదే మాట. నరసరావుపేట జిల్లా కేంద్రమయిందని కొందరికి సంతోషం. గురజాలకి ఇచ్చి ఉంటే బాగుండేదని మా నాన్నలాంటివాళ్ళకి కొంచెం కినుక.

నాన్న చిక్కిపోయాడు. షుగరేమో అనుకున్నా. చేనేదని అడిగితే "దున్నేశాంలే, నల్లి పడింది" అన్నాడు, పక్కింటి గేదె తప్పిపోయిందన్నంత మామూలుగా. ఎంత పోయిందని అడిగితే "అందరికీ పోయినట్టే" అన్నాడు. అమ్మ గారెలు తెచ్చి మధ్యలో పెట్టింది. మాట అక్కడితో ఆగింది.

సాయంత్రం ఖాళీగా ఉండి, నా పాత క్రికెట్ బ్యాటు కోసం వెనక కొట్టంలోకి పోయా. అటక మీద ఎప్పుడూ మందు డబ్బాలు వరసగా ఉండేవి. నా చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని దెబ్బలు కూడా తిన్నా. ఇప్పుడు అటక ఖాళీ. దుమ్ములో డబ్బాల అడుగులు గుండ్రంగా కనిపిస్తున్నాయి. స్ప్రేయర్ కూడా లేదు. బాబాయ్ వాళ్ళిల్లు వెనకే. గోడ మీంచి అడిగా, "బాబాయ్, మా మందు డబ్బాలన్నీ ఏమైనాయి? అమ్మేశారా?"

బాబాయ్ గేదెకి చొప్ప వేస్తున్నాడు. చెయ్యి ఆపాడు.

"మా ఇంట్లో ఉన్నాయిరా. నవంబర్లోనే మీ అమ్మ తెచ్చి పెట్టింది. తాళమేసి తాళంచెవి కూడా తనే తీసుకుపోయింది."

"ఎందుకు?"

బాబాయ్ నా వంక చూశాడు. చదువుకున్నావు కదరా, ఇది కూడా నేనే చెప్పాలా అన్నట్టు చూశాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది తక్కువే. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ చలికాలం ఒకటి రెండు ఇళ్ళల్లో జరిగిందట. నాన్న రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదట. అన్నం తినగానే అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు. రాత్రి ఏ టైముకో లేచి చేను వైపు నడిచేవాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా చాపేసుకుని పడుకునేది, దాటి వెళ్ళాలంటే తనని లేపాల్సిందేనని. లేస్తే తనూ వెనక నడిచేది. "ఏందే, నన్ను కాపలా కాస్తన్నావా" అనేవాడట. "నాకూ గాలాడట్లా" అనేదట.

"రాత్రి తొమ్మిదిన్నరయితే మాత్రం పలికేవాడురా," అన్నాడు బాబాయ్. "నీ ఫోనొస్తదని. ఆ అరుగు మీద కూర్చునే టైమదే గదా, మీ అమ్మ ఆ టైముకే చేసేది. నువ్వు మాట్లాడిన రోజు రాత్రి కాసేపు పడుకునేవాడు."

గోడకి ఇవతల నేను. చేతిలో బ్యాటు.

ఆత్మహత్య అనే మాట ఆయన అనలేదు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. నాన్న అసలు అట్లా అనుకున్నాడో లేదో కూడా నాకు తెలీదు, అడగలేదు. అమ్మకి మాత్రం భయమేసింది. భయమేసినప్పుడు ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మందు డబ్బాలు చేతికందకుండా దూరంగా పెడితే ప్రాణాలు నిలుస్తాయని డాక్టర్లు కూడా చెబుతారని తర్వాత చదివా. అమ్మ అయిదో తరగతి. ఇవాళ మీ ఇంట్లో ఎవరైనా అట్లా రాత్రుళ్ళు అరుగు మీద కూర్చుంటుంటే, టెలీ మానస్ అని 14416 నంబరుంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. అది 2022 అక్టోబరులో మొదలైంది. అప్పటికి మా అమ్మ దగ్గరున్న నంబరు ఒక్కటే. నాది.

సోమవారం రాత్రి తిరుగు బస్సులో, వాడపల్లి బ్రిడ్జి దాటాక ఫోన్ తీసి పాత కాల్స్ చూసుకున్నా. లాగులు చూడటం నా ఉద్యోగమే. సర్వర్ ఎప్పుడు పడిపోయింది, దానికి ముందు ఎన్ని హెచ్చరికలొచ్చాయి, ఎవరు పట్టించుకోలేదు, ఇవన్నీ లాగుల్లో ఉంటాయి. నవంబరు, డిసెంబరు, జనవరి. అమ్మ నంబరు. 48 సెకన్లు. 35 సెకన్లు. కట్ చేసింది. కట్ చేసింది. 1 నిమిషం 10. 22 సెకన్లు. కట్ చేసింది. నేనే చేసిన కాల్ ఒక్కటుంది, ఫిబ్రవరిలో, 15 నిమిషాల 40 సెకన్లు. అది పచ్చడి గురించి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఉగాది నాడు అన్నం దగ్గర అమ్మ అడిగింది, "ఆ పచ్చడి తిన్నావా, మొత్తం కారిపోయిందా?" అని. "కొంచెమే కారింది. మా రూమ్మేట్లు కూడా తిన్నారు, అయిపోయింది" అని అబద్ధం చెప్పా. అమ్మ మొహం వెలిగింది. "ఆ ఎకరంలో వచ్చిందే రెండు క్వింటాళ్ళురా. సగం తాలే. తాలు కాకుండా బాగున్నవి ముందు నీకే ఏరా" అంది. అప్పటికి నాకు బాబాయ్ మాటలు ఇంకా తెలీదు, ఆ సాయంత్రం తెలిశాయి. అబద్ధం మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఈ కాలమ్‌ని మా పిన్ని కూతురు ఫోన్లో చదివి అమ్మకి వినిపిస్తుంటుంది. చెల్లీ, ఈ పేరా దాటెయ్యకు. చదువు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. ఇంత తెలిశాక నాన్నని పట్టుకుని ఏడ్చి ఉంటాడు, సారీ చెప్పి ఉంటాడు అని. అలాంటివి సినిమాలో జరుగుతాయి. మాది పల్నాడు. మా కారంపూడిలో కార్తీకమాసం చివర వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎనిమిది వందల ఏళ్ళ కింద జరిగిన యుద్ధాన్ని ఏటా తల్చుకుంటాం. అందులో ఒక రోజు పూర్తిగా కోడిపందేనికే. ఒక పందెం ఎంత దూరం పోతుందో, మాట పట్టింపు ఎంతమందిని తింటుందో మా ఊళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పౌరుషం గురించి అడగండి, రాత్రంతా చెబుతాం. నువ్వంటే నాకు ఇష్టం అనే మాట మాత్రం మా మగవాళ్ళ గొంతులోంచి రాదు. మా తాత నాన్నతో అనలేదు, నాన్న నాతో అనలేదు.

ఆ రాత్రి నేను చేసిందల్లా, తొమ్మిదింటికి నాన్న అరుగు మీదికి రాగానే నేనూ వెళ్ళి పక్కన కూర్చోవడం. రాయి వెచ్చగా ఉంది. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు, "ఏందిరా, చేతిలో ఫోను లేదు?"

"చార్జింగ్ పెట్టా నాన్నా."

"ఊఁ" అన్నాడు. ఫోను నా జేబులోనే ఉంది. తొమ్మిదిన్నరకి అది వణికింది, అమెరికా కాల్ గుర్తు చేస్తూ. ఇద్దరికీ వినపడింది. ఇద్దరం వినపడనట్టే కూర్చున్నాం.

హైదరాబాద్ వచ్చాక లీడుని అడిగి ఆ కాల్‌ని అరగంట వెనక్కి జరిపించుకున్నా. ఏం కారణమంటే ఇంట్లో పనుంది అన్నా. ఒక్క మెయిల్‌తో అయిపోయింది. ఆరు నెలలు నేను అమ్మతో గొడవపడిన విషయం అవతలివాళ్ళకి ఒక్క లైను. జవాబు కూడా అదే వచ్చింది, "నోటెడ్" అని. ఈసారి దాని అర్థమేంటని ఆలోచించలేదు.

అప్పులు తీరడానికి మూడేళ్ళు పట్టింది. బండి అమ్మేశా, గీతతో సహా. ఆ పురుగు తర్వాతి ఏళ్ళల్లో అంత ఉధృతంగా రాలేదు. పంట వచ్చిన ఏడు ధర లేదు, ధర ఉన్న ఏడు పంట లేదు, అది మిరప రైతుకి మామూలే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి యార్డులో గొడవయినప్పుడు కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. నాన్న ఆ అంకె విని ఫోన్లో నవ్వాడు. "ఆ చివర ఒక్క రూపాయి దేనికిరా?" అన్నాడు. ఆయన నవ్వాడని ఆ రోజు డైరీలో రాసుకున్నా.

అసలు రాయాలనుకున్నది మాత్రం 2023 గురించి. ఆ ఏడాది మా క్లయింటు ప్రాజెక్టు ఆపేశాడు. నన్ను బెంచి మీద పెట్టారు. రెండు నెలల్లో వేరే ప్రాజెక్టు దొరక్కపోతే ఇంటికే. చుట్టూ రోజుకొకడు మాయమవుతున్నాడు. ఇంట్లో చెప్పలేదు. నేనెందుకు చెప్పాలి, వాళ్ళకున్నవి చాలవా అనుకున్నా. ఎవరి పోలికో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆ రోజుల్లో తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చేది. ఈసారి అమ్మ నంబరు కాదు, నాన్నది. అంతకుముందు ఆయనకై ఆయన ఫోన్ చేసి ఎరగడు. చేసి ఏం మాట్లాడాలో తెలీక ఏవేవో చెప్పేవాడు. కాలవకి నీళ్ళు వదిలారని, కోటప్పకొండ తిరునాళ్ళకి పోయినవాళ్ళు ఏ టైముకి వచ్చారని, పక్క ఊళ్ళో బోరు పడలేదని. ఒకరోజు గేదె గురించే పదకొండు నిమిషాలు చెప్పాడు. మధ్య మధ్యలో "ఇంకేంది" అనేవాడు. చెప్పాల్సింది నేనేనని అర్థమయ్యేది కాదు నాకు. అమ్మ తర్వాత చెప్పింది. టీవీలో సాఫ్ట్‌వేర్ వాళ్ళని తీసేస్తున్నారని చూసిన రోజే ఆయన పక్కింటి పిల్లాణ్ణి పిలిచి ఫోన్లో అలారం పెట్టించుకున్నాడట, తొమ్మిదీ ఇరవై అయిదుకి. రోజూ మోగాలని. "ఆ టైముకి ఒక్కడే ఉంటాడు వాడు" అన్నాడట.

నలభై రోజులయ్యాక ఇక ఆగలేక చెప్పేశా. "నాన్నా, నాకిక్కడ ప్రాజెక్టు లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

కాసేపు ఏం వినపడలేదు. వెనక ఎక్కడో కుక్క అరుస్తోంది.

"తెలుసులే," అన్నాడు. "అన్నం తిన్నావా? ...సరే గానీ, గేదె ఈనిందని చెప్పానా? పెయ్యదూడ. నుదుటి మీద తెల్ల చుక్కుంది. రేపు పిల్లాడి చేత ఫొటో పంపిస్తా, చూడు."